చల్లదనానికి పెత్తనం ఎవరిది?

నల్లమల అంచున వున్న వూరు కదా, మీకేం, చల్లగా వుంటుంది అంటారు మా యర్రగొండపాలెం ఎన్నడూ చూడని చుట్టాలు. శ్రీశైలం కొండల పేరు విని అలా అనుకుంటారు కాబోలు. చైత్రం దాటిందంటే ఇక్కడ మధ్యాహ్నం వీధిలో కాకి కూడా కనబడదు. అందుకే, విసనకర్రలతోనూ తడిపిన వట్టివేళ్ల తడికలతోనూ వేసవులు గడిపిన వూళ్లోకి ఏసీ వచ్చి కూర్చుంది. దుకాణాల్లో వుంది, ఆసుపత్రుల్లో వుంది, పెళ్లి మంటపాల సంగతి సరేసరి.

ఇప్పుడు దాని వెనకే మరొకటి వచ్చింది. గోడకు అరచేతి వెడల్పున అంటుకుని వుండే చిన్న పెట్టె. పేరు థర్మోస్టాట్. పాలు పొంగుతాయని పొయ్యి దగ్గర నిలబడి సెగ పెంచుతూ తగ్గిస్తూ వుండే ఇల్లాలు చేసే పనే అదీ చేస్తుంది. గది వేడెక్కితే చల్లదనాన్ని రప్పిస్తుంది, చాలనిపిస్తే ఆపేస్తుంది. ఇంట్లో ఒక్కటే వుంటే గొడవ లేదు. పదిహేను గదుల్లో పదిహేను పెట్టి, అన్నిటినీ ఒకే వైరుకు గుచ్చి, ఫోనులో ఒక వెబ్ పేజీ తెరిచి ఎక్కణ్ణుంచో తిప్పడం మొదలుపెడితేనే కథ మొదలవుతుంది.

ఇదంతా కొత్త విడ్డూరమని అనుకోకండి. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో వారెన్ జాన్సన్ అని ఒక పంతులుగారు వుండేవారు. అది చలిదేశం. గదులకు వేడి కావాలి. బడి నౌకరు మాటిమాటికీ తరగతిలోకి వచ్చి, వేడి ఎంత వుందో చూసి, కిందికి పోయి కొలిమి సంగతి చూసేవాడట. పాఠం మధ్యలో ఈ రాకపోకలు పడలేక ఆయన ఒక సాధనం కల్పించారు. గదిలో వేడి మారగానే కింద కొలిమి దగ్గర గంట మోగుతుంది. 1883లో దానికి పేటెంటు వచ్చింది. 1885లో మిల్వాకీలో కంపెనీ వెలిసింది. ఒక్క సంగతి గమనించండి. ఆ గంట కబురు మాత్రమే చెప్పేది. చెయ్యవలసింది మనిషే.

మా బావగారికి మా వూళ్లో ఒక లాడ్జీ, దాన్ని ఆనుకుని చిన్న కల్యాణ మంటపం వున్నాయి. మేడ మీద నీళ్లను చల్లార్చే యంత్రం పెట్టించారు. ఆ చల్లని నీళ్లు పైపుల్లో గదిగదికీ వస్తాయి. ప్రతి గదిలో ఒక ఫాను, ఒక థర్మోస్టాట్. హైదరాబాదులో వుద్యోగం చేస్తున్న మా అక్కయ్య కొడుకు రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి దగ్గరుండి బిగింపించాడు. నేనూ పని మానుకుని చూశాను. చూసినంతలో తెలిసింది చెబుతాను. రేపు మీ ఆఫీసులోనో ఆసుపత్రిలోనో ఇదే పని జరిగితే పనికొస్తుంది.

మొదటిది, పెట్టె పెట్టే చోటు. ఎండ పడే గోడ మీద పెడితే గది చల్లబడినా దానికి వేడిగానే వుంటుంది. చల్లగాలి నేరుగా తగిలే చోట పెడితే గది వుడికిపోతున్నా తాను చల్లగా వున్నానంటుంది. వాకిలి పక్కనా టీవీ వెనకా కూడా వద్దు. లోపలి గోడ మీద, ఇంచుమించు అయిదడుగుల ఎత్తులో వుండాలి.

రెండోది, నంబరు. ఒకే వైరు మీద వున్న పెట్టెలన్నిటికీ తలా ఒక నంబరు ఇవ్వాలి. బడిలో హాజరు పిలిచినట్టే కంట్రోలర్ ఒక్కొక్క నంబరునీ పిలుస్తుంది. పిలిచినవాడే పలకాలి. పనివాళ్లు రెండు గదులకు 7వ నంబరే ఇచ్చేశారు. ఇద్దరూ ఒక్కసారే పలికేసరికి ఎవరి మాటా అర్థం కాక పేజీ మీద ఆ గడి ఖాళీగా వుండిపోయింది. దీనికి మావాడు చేసిన పరీక్ష నాకు నచ్చింది. ఒకరు గదిలో పెట్టె మీద అరచెయ్యి ఆనించి నిలబడాలి. ఇంకొకరు కింద పేజీ చూస్తూ వుండాలి. చేతి వెచ్చదనానికి ఏ గది అంకె పెరిగిందో చూస్తే, పేరూ గదీ కలిశాయో లేదో తేలిపోతుంది. ఇది చూడకుండా డబ్బిచ్చి పంపారంటే, మూడో గదివారు వేడి అన్నప్పుడు నాలుగో గదివారు చలికి ముడుచుకుంటారు.

మూడోది, రెండు అంకెల మధ్య ఎడం. 25 దగ్గర ఆగమన్నారనుకోండి, 25 దాటగానే మళ్లీ మొదలు కాకూడదు. 26 దాకా ఓపిక పట్టాలి. నిమిషానికోసారి ఆగుతూ లేస్తూ వుంటే యంత్రం ఆయుష్షు తగ్గిపోతుంది.

నాలుగోది, వేళలు. మనిషి లేని గది 28లో వుంటే చాలు. అతిథి తాళంచెవి తీసుకోగానే కింద బల్ల దగ్గర నొక్కితే 25కి దిగుతుంది. మంటపానికి ముహూర్తానికి గంట ముందు. మా వూళ్లో గాలివాన వచ్చిందంటే కరెంటు పోతుంది గనుక, తిరిగి వచ్చాక కంట్రోలర్ గడియారం సరైన వేళే చూపుతోందో లేదో కనుక్కోవాలి. ఇంటర్నెట్టు లేకపోయినా గదిలో పెట్టె తన పని తాను చేసుకుపోవాలి. ఈ రెండూ బిగించినవారి ఎదుటే తీగె పీకి చూడండి. మొహమాటం వద్దు.

అయిదోది, తాళం. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డే వుంచేయడమంటే గొళ్లెం పెట్టి తాళం వెయ్యకపోవడమే. ఆ రోజే మార్చాలి. బిగించినవారికి ఇచ్చిన ప్రవేశం పని అయిన రోజునే తీసెయ్యాలి. 2013లో అమెరికాలో టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థలో కోట్ల కొద్దీ కార్డుల వివరాలు దొంగలపాలయ్యాయి. దొంగలు లోపలికి వచ్చినది శీతల యంత్రాల పని చేసే ఒక చిన్న కాంట్రాక్టరుకు ఇచ్చిన పాస్‌వర్డుతో!

ఇంతవరకూ యంత్రం సంగతి. అసలు తగువు తరవాత వచ్చింది.

గదులన్నిటినీ 24కి బిగించి, గోడ మీద బొత్తాలు పనిచెయ్యకుండా తాళం వేసి మావాడు హైదరాబాదు వెళ్లిపోయాడు. మాఘమాసంలో ఒక పెళ్లికి మగపెళ్లివారి తాలూకు బాలింత ఒకామె పసిగుడ్డుతో ఒక గదిలో దిగింది. నడిరేయి బిడ్డ చేతులు చల్లబడ్డాయి. వాళ్లమ్మ పెట్టెను ఎన్నిసార్లు నొక్కినా అంకె కదలదు. కింద వున్న కుర్రవాడికి పాస్‌వర్డ్ తెలియదు. హైదరాబాదులో ఫోను మోగుతోంది గాని ఎత్తేవారు లేరు. చివరికి ఆ పెద్దావిడ మనమణ్ణి చీర కొంగులో చుట్టుకుని వరండాలో కూర్చుని తెల్లవార్చింది. బిడ్డకేమీ కాలేదు. మా అక్కయ్యకు మాత్రం నిద్ర పట్టలేదు.

మర్నాడు ఫోనులో తల్లీకొడుకుల సంవాదం నా ఎదుటే జరిగింది.

“అమ్మా, తాళం తీస్తే ప్రతివాడూ 18కి దించి రెండు దుప్పట్లు కప్పుకుంటాడు. బిల్లు ఎవరు కడతారు?” అన్నాడు వాడు.

“కిందికి దించకుండా తాళం వేసుకోరా, ఎవరు కాదన్నారు? పైకి జరుపుకోవడానికి కూడా తాళమెందుకురా?” అంది అక్కయ్య.

వాడు కాసేపు మాట్లాడలేదు. ఆ సాయంత్రమే మార్చాడు. ఇప్పుడు ఏ గదీ 24కి దిగువకు పోదు. 30 దాకా ఎవరి ఇష్టం వచ్చినట్టు వారు పెంచుకోవచ్చు. రాత్రి బల్ల దగ్గర వుండేవారికి అన్ని గదులనూ మార్చే అధికారం వుంది. ఇందులో నష్టమూ లేదు. ఏసీలో ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతున్నది. గది ఏసీలు 24 దగ్గరే మొదలయ్యేలా తయారుచెయ్యాలని 2020 జనవరి 1 నుంచి నిబంధన కూడా వచ్చింది.

దూరాన్నించి చూడటమే తప్పని నేననను. హైదరాబాదు శివారు పోచారంలో ఇన్ఫోసిస్ వారు 2011లో ఒక భవనాన్ని రెండు సమానమైన సగాలుగా కట్టారు. ఒక సగంలో చల్లగాలి, రెండో సగంలో కప్పులో పైపుల గుండా చల్లని నీళ్లు. రెండేళ్లపాటు లెక్కలు తీస్తే నీళ్ల సగానికి 34 శాతం తక్కువ కరెంటు పట్టింది. పక్కపక్కనే కొలిచారు గనుకనే అది తెలిసింది.

ప్రాణం మీద పని అయితే మరీ అవసరం. పిల్లలకు వేసే టీకా మందులను 2 నుంచి 8 డిగ్రీల మధ్య వుంచాలి. వేడికి చెడేవి కొన్ని, గడ్డకడితే చెడేవి కొన్ని. 2015లో మన దేశంలో మొదలైన ఈవిన్ పద్ధతిలో ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఒక కొలత సాధనం పెడతారు. పది నిమిషాలకోసారి వేడిమి రాసుకుంటుంది, గంటకోసారి కబురు పంపుతుంది. హద్దు దాటితే బాధ్యులకు ఫోనులో హెచ్చరిక వెళుతుంది. ఆ హెచ్చరిక అందుకుని లేచి వెళ్లే మనిషి మాత్రం ఆ ఆసుపత్రి దగ్గరే వుండాలి.

ఇంకొక్క మాట. ఏ గదిలో ఎప్పుడు చల్లదనం పెంచారో, ఎప్పుడు ఆపారో ఆ పేజీలో రాసి వుంటుంది. అంటే ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు పడుకున్నారో కూడా దాదాపు తెలిసిపోతుంది. పరాయివారి తలుపు సందులోంచి చూడకూడదని మన పిల్లలకు నేర్పుతాం. ఈ పేజీ తెరిచే చేతులకూ అదే నేర్పాలి. ఆ పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరే వుండాలని మా అక్కయ్య పట్టుబట్టింది. బాగానే చేసింది.

కనుక మీ యజమానులతోనో, మీ అపార్టుమెంటు సంఘం వారితోనో ఒక్క ప్రశ్న వేసి చూడండి: అర్ధరాత్రి పన్నెండు గంటలకు ఒక ముసలమ్మకు చలేస్తే, ఆ అంకె మార్చగలిగేవారు పిలుపు దూరంలో ఎవరున్నారు? దానికి వెంటనే జవాబు వస్తే యంత్రం సరిగా బిగించినట్టే. రాకపోతే, పని ఇంకా మిగిలి వుందన్నమాట.