ఉత్తర్వు లేని శిక్ష

మహమూద్ అబ్దుల్ రవూఫ్ పేరు మన యువతరంలో కొద్దిమందే విని ఉంటారు. ఆయన 1969లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, గల్ఫ్‌పోర్టులోని ఒక పేద నల్లజాతి కుటుంబంలో జన్మించారు. తల్లి పెట్టిన పేరు క్రిస్ జాక్సన్. శరీరం తన ప్రమేయం లేకుండా కదిలే టూరెట్ అనే నరాల రుగ్మతతో పెనుగులాడుతూనే ఆయన బాస్కెట్‌బాల్ నేర్చారు. 1990లో డెన్వర్ నగెట్స్ జట్టు ఆ ఏటి కొత్త ఆటగాళ్లలో మూడో ఎంపికగా ఆయనను తీసుకుంది. మరుసటి ఏడాది ఇస్లాం స్వీకరించారు. 1993లో పేరు మార్చుకున్నారు. 1993-94లో 229 ఫ్రీ త్రోలు వేస్తే 219 గురి తప్పలేదు.

1996 మార్చిలో ఆయన జాతీయ గీతానికి లేచి నిలబడడం లేదన్న వార్త దుమారమైంది. ఆ పతాకం అణచివేతకు కూడా చిహ్నమని, తన విశ్వాసం అందుకు తల వంచనీయదని ఆయన చెప్పారు. ఎన్‌బీఏ సస్పెండ్ చేసింది. ఆయన కోల్పోయింది ఒక్క ఆట, ఆ ఆటకు రావలసిన వేతనం. ఆ వెంటనే రాజీ కుదిరింది: ఆయన లేచి నిలబడతారు, కానీ తల దించి, కళ్లు మూసుకొని దువా చేసుకుంటారు.

వ్యవహారం అక్కడితో ముగియవలసింది. ముగియలేదు. ఆ సీజన్‌లో సగటున 19.2 పాయింట్లతో జట్టులో అందరికన్నా ముందున్న ఆటగాణ్ణి ఆ వేసవిలోనే శాక్రమెంటోకు పంపివేశారు. అక్కడ క్రమంగా అవకాశాలు తగ్గాయి. 1998లో, ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, ఆయన ఉపాధి కోసం టర్కీ వెళ్లారు. 2000-01లో వాంకూవర్ జట్టులో ఒక్క సీజన్ దక్కింది. అదే ఎన్‌బీఏలో చివరిది. తర్వాత రష్యా, ఇటలీ, గ్రీసు, సౌదీ అరేబియా, జపాన్. ఏడాదికో ఊరు, ఏడాదికో భాష. 2011 వరకు ఆడుతూనే ఉన్నారు.

మేము దశాబ్దాలపాటు ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ల మధ్య బతికినవాళ్లం. సస్పెన్షన్ ఉత్తర్వుకు తేదీ ఉంటుంది, సంతకం ఉంటుంది, అప్పీలు ఉంటుంది. పిలుపు రాకపోవడానికి ఇవేవీ ఉండవు. 'ఆట తగ్గింది' అంటే చాలు, ఎవరూ జవాబు చెప్పనక్కరలేదు.

మన దేశంలో బిజో ఇమ్మాన్యుయేల్ కేసును గుర్తుచేసుకుందాం. జాతీయ గీతానికి గౌరవంగా నిలబడి, విశ్వాసం కారణంగా పాడని ముగ్గురు క్రైస్తవ పిల్లలను కేరళలో బడి నుంచి బహిష్కరించారు. 1986లో సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పిచ్చింది. బహిష్కరణ బహిరంగంగా జరిగింది కనుకనే దానిని సవాలు చేయడం సాధ్యమైంది. ఇల్లు అద్దెకు దొరకనివారికి, ఇంటర్వ్యూ తర్వాత కబురు రానివారికి ఆ వీలు ఎక్కడిది?

అబ్దుల్ రవూఫ్ ఎంచుకున్న మార్గాన్ని అందరూ మెచ్చనక్కరలేదు. కానీ రాజీ కుదిరాక కూడా మనిషిని వెంటాడే మౌనాన్ని న్యాయమని ఎవరూ అనలేరు.

కనుక మన సంఘాలకు మా మనవి: తిరస్కారం ఎదురైన ప్రతిసారీ తేదీ, స్థలం, పలికిన మాట రాసిపెట్టించండి. కారణం రాతపూర్వకంగా అడగండి. ఒక్కరి ఫిర్యాదును అనుమానమని కొట్టివేస్తారు. నూరు మంది రాసిపెట్టినదాన్ని అంత తేలికగా కొట్టివేయలేరు. అలాగే, విశ్వాసం కోసం ఉపాధి పోగొట్టుకున్నవాడు మన వీధిలో ఉంటే, మెచ్చుకోలుతో సరిపెట్టక, ముందు అతని ఇంటి పొయ్యి సంగతి కనుక్కోండి.