మ్యాన్‌హోల్ చావుకు శిక్ష ఎంత?

మ్యాన్‌హోల్‌లో మనిషి చనిపోయిన ప్రతిసారీ మనం మొదట అడిగేది నష్టపరిహారం గురించే. అడగాల్సిందే. 2014లో 10 లక్షలన్న సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. కానీ ఆ మనిషిని లోపలికి దింపినవాడికి శిక్ష ఎంత?

మాన్యువల్ స్కావెంజింగ్‌ను నిషేధించిన 2013 చట్టం, 9వ సెక్షన్ చూద్దాం. రక్షణ పరికరాలు ఇవ్వకుండా మురుగు కాలువలోకో, సెప్టిక్ ట్యాంకులోకో దింపితే మొదటిసారి రెండేళ్ల వరకు జైలు లేదా 2 లక్షల వరకు జరిమానా లేదా రెండూ. మళ్లీ చేస్తే ఐదేళ్లు లేదా 5 లక్షలు లేదా రెండూ. కేసు నాన్ బెయిలబుల్. 1993 నాటి పాత చట్టంలో మురుగు కాలువల ఊసే లేదు కనుక ఇది ముందడుగే. అయితే కిటుకంతా ఆ 'లేదా'లో ఉంది. గరిష్ఠ శిక్ష రాశారు, కనీస శిక్ష రాయలేదు. నేరం రుజువయ్యాక కూడా ఒక్కరోజు జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టే వీలుంది. ఆ జరిమానా, అదే ప్రాణానికి కోర్టు కట్టిన పరిహారంలో పదిహేనో వంతు.

పోలీసులు సాధారణంగా మొగ్గేది భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ వైపు. నిర్లక్ష్యం వల్ల మరణం, ఐదేళ్ల వరకు జైలు. అక్కడా కనీస శిక్ష లేదు. పైగా కులం సంగతే మాయమై, అదొక ప్రమాదం అయిపోతుంది.

అట్రాసిటీ చట్టం లెక్క వేరు. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న సవరణతో, ఎస్సీ, ఎస్టీలతో పాకీ పని చేయించడం 3(1)(జె) కింద నేరం. ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలు, దానితోపాటు జరిమానా. ఇక్కడ 'లేదా' లేదు. ముందస్తు బెయిలుకూ 18వ సెక్షన్ అడ్డుపడుతుంది. మ్యాన్‌హోల్ పని పాకీ పని నిర్వచనంలోకి రాదని డిఫెన్స్ లాయరు వాదిస్తాడు, దానికి మన లాయర్లు ముందే సిద్ధపడాలి.

ఇంకో చిక్కుంది. ఈ చట్టం నిందితుడు ఎస్సీ, ఎస్టీ కానప్పుడే వర్తిస్తుంది. చాలాచోట్ల మూత తీయించే మేస్త్రీ కూడా మనవాడే. ఎఫ్ఐఆర్‌లో అతని పేరొక్కటే ఉంటే అట్రాసిటీ కేసు అక్కడే కూలిపోతుంది. పని ఇచ్చిన కాంట్రాక్టరు, ఇంటి యజమాని, సంతకం పెట్టిన అధికారి పేర్లు ఫిర్యాదులోనే ఉండేలా చూడాలి. 2013 చట్టం కింద ఆ ఫిర్యాదుకు గడువు ఘటన జరిగిన రోజు నుంచి మూడు నెలలే.