బిల్లీ టీ జేమ్స్ పేరు, మన పేర్లు

ఇక్కడికొచ్చిన కొత్తలో ఇక్కడి టీవీ కామెడీ మనకు ఎక్కదు. పక్కనోళ్ల మొహాలు చూసి రెండు సెకన్లు లేటుగా నవ్వుతాం. అయినా బిల్లీ టీ జేమ్స్ గురించి మనోళ్లకి తెలియాలని రాస్తున్నాం.

అసలు పేరు విలియం జేమ్స్ తే వేహి తైతోకో. వైకాటో ప్రాంతపు మావోరీ. మావోరీ వాల్కానిక్స్ బృందంతో దేశాలు తిరిగి పాటలు పాడాడు. పేరెందుకు కుదించావంటే, ఆస్ట్రేలియా వాళ్లకి నోరు తిరగాలిగా అనేవాడట. అది తెలిసి మా రూములో అందరం పడీపడీ నవ్వాం. వెంకటేశ్వర్లు 'వెన్', సుబ్రహ్మణ్యం 'సబ్' అయిపోయిన బ్యాచ్ కదా మాది! కాకపోతే ఆయన పేరు ఆయనే కోసుకుని, దాన్నే జోకు చేసి వాళ్లమీదే వేశాడు. మన పేర్లు రోస్టర్ రాసేవాళ్లు కోశారు.

1981లో ఆయన పేరుతోనే టీవీ షో మొదలైంది. హోస్టు తనే, వేషాలు తనే, స్కిట్ల రాతలోనూ చెయ్యుంది. నల్ల సింగ్లెట్ (ఇక్కడ కాయకష్టం చేసేవాళ్ల బనీను), మెడలో పసుపు టవలు, ఆ అవతారంలో 'తే న్యూస్' అని వార్తలు చదివేవాడు. సొంత జనాన్నే తెల్లవాళ్ల ముందు చులకన చేస్తున్నాడని విమర్శలొచ్చాయి. అది కొట్టిపారేసే మాట కాదు. జబర్దస్త్‌లో ఒంటి రంగు మీద, లావు మీద పంచులు పడినప్పుడు మనకీ ఇబ్బందిగానే ఉంటుంది.

అయినా మేం బిల్లీ టీ వైపే. ఆ వేషం ఎప్పుడు వెయ్యాలో, ఎక్కడ ఆపాలో ఆయన చేతిలో ఉంది. మన యాస మనం తీసుకుంటే కామెడీ. మన షిఫ్టులు చేతిలో పెట్టుకున్న సూపర్‌వైజర్ తీస్తే, మనం నవ్వకపోతే వచ్చే వారం గంటలు తగ్గుతాయేమో అన్న భయం ఉంటుంది. ఆ నవ్వు నవ్వే కాదు. స్మోకోలో అలాంటి నవ్వు నవ్వి, బస్సులో మౌనంగా ఇంటికొచ్చిన తమ్ముళ్లు మనలో ఎంతమందో. నవ్వకుండా ఊరుకున్నా తప్పులేదురా అబ్బాయిలూ.

1985లో 'కేమ్ ఎ హాట్ ఫ్రైడే' సినిమాలో ఆయన వేసిన తైనుయా కిడ్, తనని తాను మెక్సికన్ బందిపోటు అనుకునే మనిషి, చూసి తీరాల్సిన పాత్ర. 1989లో గుండె మార్పిడి జరిగింది. అయినా మరుసటేడు టీవీ3లో మళ్లీ షో చేశాడు. 1991 ఆగస్టులో పోయాడు. హామిల్టన్ వైపు వెళ్లేటప్పుడు వచ్చే తౌపిరి కొండ మీదే సమాధి. ఆయన పేరుతో ఇక్కడి కొత్త కమెడియన్లకి అవార్డు ఇస్తారు. క్లిప్పులు ఎన్‌జెడ్ ఆన్ స్క్రీన్ సైట్లో ఫ్రీగానే ఉన్నాయి, 'తే న్యూస్'తో మొదలెట్టండి.