అమ్మ చేతికి పట్టే తుపాకి ఏది?

సిరుగుప్ప తాలూకాలో తుంగభద్ర కాలువ కింద వరి పండించే క్యాంపుల్లో కొన్ని ఇళ్ళు ఊరి నడుమ ఉండవు, పొలాల నడుమ ఉంటాయి. ఇంటాయన కాలం చేశాక అలాంటి ఇంట్లో మిగిలేది అరవై అయిదు దాటిన అమ్మ, ఓ గేదె, వాకిట్లో కుక్క. పెద్దోడు బెంగళూరులో, చిన్నోడు అమెరికాలో. పక్క క్యాంపులో దొంగలు పడ్డారని తెలిసిన రాత్రి ఫోను మోగుతుంది. 'చిన్న రివాల్వర్ ఒకటి కొనిపెడతాంలే అమ్మా, దిండు కింద పెట్టుకో' అంటాడు చిన్నోడు. వాడుండే చోట అది అంగడికి పోయి తెచ్చుకునే వస్తువు. ఇక్కడ కాదు. అయినా కొడుకు భయం కొడుకుది. దాన్ని నవ్వి తీసేయడానికి లేదు.

తుపాకి ఊసే వద్దని కొట్టిపారేయడం తేలిక. కొనిపెడితే సరిపోతుందనుకోవడం అంతకన్నా తేలిక. రెండు మాటల్లోనూ లోపించింది ఒకటే. ఆ తుపాకి పట్టాల్సిన చేతిని ఎవరూ చూడలేదు.

మన దేశంలో మామూలు పౌరుడికి చేతి తుపాకుల్లో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పోలీసులు, సైన్యం వాడే 9 ఎంఎం పిస్తోలు నిషిద్ధ బోరు కిందికి వస్తుంది. లైసెన్సు మీద దొరికేవాటిలో ఎక్కువ .32 బోరువే. అందులో ఆడవాళ్ళ కోసమని ప్రత్యేకంగా చెప్పి అమ్మినది 'నిర్భీక్'. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరం తర్వాత, ఆ అమ్మాయికి జనం పెట్టుకున్న 'నిర్భయ' పేరు గుర్తుకొచ్చేలా, 2014 జనవరిలో కాన్పూర్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ దాన్ని విడుదల చేసింది. బరువు 500 గ్రాములు. అప్పటి ధర 1,22,360 రూపాయలు. నగల పెట్టెలాంటి మెరూన్ రంగు పెట్టెలో పెట్టి ఇచ్చారు. ఆయుధాల నియంత్రణ కోసం పనిచేసే బీనాలక్ష్మీ నేప్రం లాంటివాళ్ళు అప్పుడే గట్టిగా అభ్యంతరం చెప్పారు. వీధిని భద్రంగా ఉంచాల్సిన సర్కారు, లక్షా పాతికవేలు పెట్టి నీ భద్రత నువ్వే కొనుక్కోమంటే ఎట్లా అన్న ప్రశ్నకు నేటికీ సరైన జవాబు లేదు. ఆ ధర పెట్టగలిగిన ఆడవాళ్ళు ఎందరు, పెట్టలేని వాళ్ళు ఎందరు అన్నది వేరే చెప్పనక్కర్లేదు.

ధర సంగతి అటుంచి, బరువు సంగతి చూద్దాం. చేతి సంచిలో ఇమడాలని, మోయడానికి తేలిగ్గా ఉండాలని నిర్భీక్‌ను 500 గ్రాములకు దించారు. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తెచ్చిన .22 బోరు 'నిడర్' ఇంకా తేలిక, 250 గ్రాములే. వినడానికి బాగానే ఉంది. అయితే మోయడానికి తేలిక కావడం వేరు, కాల్చడానికి తేలిక కావడం వేరు. ఒకే తూటాను రెండు తుపాకుల్లో పేలిస్తే తేలిక తుపాకే చేతిని ఎక్కువ తంతుంది. బరువైనది ఆ తన్నును కొంత తానే మింగేస్తుంది. .32 తూటా మరీ మొరటుది కాదు, నిజమే. కానీ అరవై దాటిన మణికట్టుకు ఆ కాస్త తేడా కూడా తెలుస్తుంది. మొదటి తూటాకే చెయ్యి నొచ్చిందంటే రెండోసారి ట్రిగ్గర్ నొక్కేముందు కళ్ళు వాటంతటవే మూసుకుంటాయి.

ఇంకో సంగతి. క్యాంపు ఇంట్లో ఉండే అమ్మ తుపాకిని చంకన వేసుకుని బస్సెక్కదు. అది ఇంట్లోనే ఉంటుంది. మోయాల్సిన పనే లేనప్పుడు తేలిక తుపాకి కోసం పాకులాడటం దేనికి? ఇంట్లో ఉంచుకునే లెక్కన చూస్తే 700 గ్రాముల దాకా ఉండే ఉక్కు రివాల్వరే ఆమెకు నయం. కాన్పూర్‌లోనే తయారై 2023 ఆగస్టులో వచ్చిన 'ప్రబల్' దాదాపు ఆ బరువుదే. పైగా దాని తూటాల చక్రం పక్కకు తెరుచుకుంటుంది. పాతకాలపు పద్ధతిలో తుపాకిని నడుముకు విరిచి తూటాలు నింపే రకాల్లో కొక్కెం బొటనవేలితో గట్టిగా నొక్కాలి. ఏది ఆమె వేలికి లొంగుతుందో చూసుకోవాలి తప్ప, కంపెనీ కాగితం మీద ఏముందో చదివితే తేలదు.

పిస్తోలా, రివాల్వరా అన్న దగ్గర మాత్రం సందేహం అక్కర్లేదు. .32 'అశని' లాంటి పిస్తోలులో తూటాలు కాస్త ఎక్కువ పడతాయి. కానీ మొదటి తూటా గొట్టంలోకి ఎక్కాలంటే పైనున్న స్లైడును బలమైన స్ప్రింగుకు ఎదురు వెనక్కి లాగాలి. మిరపకాయలు తెంపి, పత్తి ఏరి, అంట్లు తోమి కీళ్ళు అరిగిన వేళ్ళకు అది చిన్న పని కాదు. ఈ జిల్లాలోనూ, పక్కనున్న సీమ పల్లెల్లోనూ 2006 నాటి చికున్‌గున్యా తర్వాత పిడికిలి సరిగా ముడుచుకోని పెద్దవాళ్ళు ఉన్నారు. పిస్తోలు మధ్యలో ఇరుక్కుపోతే దాన్ని సరిచేయడం ఇంకో తంటా. రివాల్వర్‌కు ఆ బాధ తక్కువ. ఒక తూటా పేలకపోతే మళ్ళీ ట్రిగ్గర్ లాగితే తర్వాతి తూటా ఎదురుకొస్తుంది. అయితే రివాల్వర్ ట్రిగ్గర్ బరువు. గుర్రాన్ని ముందే వెనక్కి లాగి పెట్టుకోకుండా కాల్చాలంటే నాలుగైదు కిలోల బియ్యం సంచిని ఒక్క చూపుడు వేలికి తగిలించి ఎత్తినంత బలం కావాలి. గుర్రం లాగి పెట్టుకుంటే ట్రిగ్గర్ తేలికైపోతుంది, నిజమే. ఆ తేలికే ప్రమాదం. వణికే వేలు అనుకోకుండా తగిలినా పేలుతుంది.

కాబట్టి కొనేముందు చేయాల్సింది చాలా మామూలు పరీక్ష. లైసెన్సున్న ఆయుధ దుకాణానికి అమ్మనే తీసుకుపోవాలి. కొడుకు పోయి ఎంచి తేవడం కాదు. తుపాకి ఖాళీగా ఉందని దుకాణదారు ఆమె కళ్ళెదుటే తెరిచి చూపాలి. డమ్మీ తూటాలు పెట్టి, గోడమీద గుర్తు చూస్తూ, వరసగా పదిసార్లు ట్రిగ్గర్ లాగమనాలి. పదోసారికి గొట్టం కొస గుర్తు నుంచి ఎంత పక్కకు జరిగిందో చూడాలి. చూపుడు వేలు ట్రిగ్గర్‌కు అందుతోందా, చక్రం తెరవగలుగుతోందా, కంటి ఆపరేషన్ అయినాక గొట్టం కొసనున్న గుర్తు కనబడుతోందా, అన్నీ అక్కడే తేలిపోతాయి. ఆరోసారికే వేలు ఆగిపోతే ఆ తుపాకి ఆమెది కాదు. ఏ తుపాకీ పట్టలేని చెయ్యి అని తేలితే అది తెలుసుకోవడం నష్టమేమీ కాదు, లక్ష రూపాయలు మిగిలాయి.

వయసే అడ్డని మాత్రం అనరాదు. ఉత్తరప్రదేశ్ బాగ్‌పత్ జిల్లా జోహ్డీ పల్లెలో చంద్రో తోమర్ అరవై దాటాకే, మనవరాలి వెంట షూటింగ్ క్లబ్బుకు పోయి పిస్తోలు పట్టింది. తోడికోడలు ప్రకాశీ తోమర్ కూడా అదే బాట పట్టింది. ఇద్దరూ పోటీల్లో పతకాలు తెచ్చుకున్నారు, వాళ్ళ కథ 2019లో హిందీ సినిమా కూడా అయింది. చంద్రో 2021 ఏప్రిల్‌లో కరోనాతో కన్నుమూసింది. చెయ్యి కదలకుండా నిలబడటానికి ఆమె ఇంట్లో నీళ్ళ జగ్గును చాచిన చేత్తో పట్టుకుని సాధన చేసేదట. గమనించాల్సింది ఆ జగ్గునే. రోజూ సాధన చేసింది కాబట్టి చెయ్యి నిలబడింది. కొని బీరువాలో పెట్టి, అయిదేళ్ళకోసారి రెన్యువల్‌కు మాత్రం బయటికి తీసే తుపాకి ఏ వయసువాళ్ళ చేతిలోనూ నిలబడదు. ఇక్కడ తూటాలు కూడా కోరినన్ని దొరకవు. ఎన్ని కొనవచ్చో లైసెన్సు మీదే రాసి ఉంటుంది. ఆ లెక్కలోనే సాధనా సాగాలి, రక్షణకూ మిగలాలి.

ఇక కాగితాల సంగతి. బళ్ళారిలో లైసెన్సు ఇవ్వాల్సింది డీసీ గారు. పోలీసుల నివేదిక రావాలి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం ఆయుధాన్ని భద్రంగా వాడే శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ కావాలి. ఇంట్లో దాన్ని ఎక్కడ, ఎలా తాళం వేసి ఉంచుతారో చెప్పాలి. ఒంటరిగా ఉంటున్నానంటే చాలదు, ముప్పు ఏమిటో చూపమంటారు. ఇక్కడే తిరకాసు. పలుకుబడి ఉన్నవాడికి ముప్పు కాగితం మీద సులువుగా పుడుతుంది. నడుముకు రివాల్వర్ కనబడేలా పెట్టుకుని పెళ్ళికి పోవడం గొప్పతనమనుకునే రోజులు ఈ జిల్లా చూసింది. పొలం నడుమ ఒంటరిగా పడుకునే ముసలమ్మ ముప్పు మాత్రం ఏ కాగితానికీ ఎక్కదు. ఆమె అర్జీ పెట్టుకుంటే ఇస్తామనో, ఇవ్వమనో తొందరగా తేల్చి చెప్పాలి. నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలని 1959 నాటి ఆయుధ చట్టమే అంటోంది. దాని మీద అప్పీలుకు పోయే హక్కూ ఉంది. 'మళ్ళీ రండి' అన్నది కారణం కాదు.

ఇంటాయన తుపాకి ఉన్న ఇళ్ళ సంగతి వేరు. ఆయన పోయాక అటక మీద మిగిలిన డబుల్ బ్యారెల్ ఆస్తిపాస్తులతో పాటు అమ్మకు వచ్చినట్టే అనుకుంటారు. అలా రాదు. లైసెన్సు ఆయన పేరుతోనే పోయింది. తుపాకిని పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి రశీదు తీసుకోవాలి. వారసులు ఎవరైనా తమ పేర లైసెన్సు అడగాలి. అప్పగించకుండా ఇంట్లో ఉంచుకుంటే అది లైసెన్సు లేని ఆయుధమే. 2019 సవరణ తర్వాత దానికి రెండేళ్ళకు తక్కువ కాకుండా జైలు శిక్ష. ఇంతకూ ఆ పన్నెండు బోరు తుపాకి మూడు కిలోల బరువు. పందులను తోలడానికి ఆయనకు పనికొచ్చింది గానీ ఆమె భుజానికి పనికిరాదు. ఇంకో విశేషం, డెబ్బై ఏళ్ళు నిండిన లైసెన్సుదారు తన ఆయుధాన్ని వారసుడి పేర మార్పించుకునే వీలు అదే 2016 నిబంధనల్లో ఉంది. చట్టం దింపుకోవచ్చనే వయసుకు దగ్గర్లో కొడుకు ఎత్తుకోమంటున్నాడన్న మాట.

రాత్రి సంగతి కూడా ఆలోచించాలి. దిండు కింద తుపాకి సినిమాలో బాగుంటుంది. ఎండాకాలం సెలవులకు మనవళ్ళు వస్తారు, దిండ్లతోనే ఆడతారు. తాళంలో పెడితే, బీపీ మాత్ర వేసుకుని పడుకున్న మనిషి లేచి, కళ్ళద్దాలు వెతుక్కుని, తాళం తీసేలోగా వచ్చినవాడు మంచం దగ్గర ఉంటాడు. ఒకరి కన్నా ఇద్దరు వస్తే ఆ తుపాకి వాళ్ళ చేతికే పోవచ్చు. పొద్దుగూకాక తలుపు పగలగొట్టి ఇంట్లో చొరబడేవాణ్ణి ఎదిరించే హక్కు పాత శిక్షాస్మృతిలోనూ ఉంది, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. అవసరాన్ని మించిన హాని చేయరాదన్న షరతూ దానికి ఉంది. చీకట్లో వాకిట నిలబడ్డ మనిషి దొంగో, నీళ్ళు తిప్పడానికి వచ్చిన జీతగాడో పోల్చుకోలేని కంటికి ఆ షరతు చాలా బరువు.

అందుకే తుపాకికి ముందు కొనాల్సినవి కొన్ని ఉన్నాయి. పడకగదికి లోపలి నుంచి ఇనప గడియ, వాకిట్లో తెల్లారే దాకా వెలిగే దీపం, మంచం పక్కనే నొక్కితే పక్కింట్లో మోగే గంట. అన్నీ కలిపినా రివాల్వర్ ధరలో పదోవంతు కావు. ఫోన్లో 112 ఒక్క మీటకు పడేలా పెట్టివ్వడం కొడుకులు చేయగలిగిన పనే. పెద్దవాళ్ళ సహాయానికి 14567 నంబరు ఉంది. తాలూకాలో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ళ పట్టిక స్టేషన్లో ఉండాలి. రాత్రి బీటు కానిస్టేబులు ఆ ఇంటి ముందు ఆగి పలకరించి పోవాలి. ఇవేవీ చేయకుండా లైసెన్సు ఇవ్వకపోవడం కూడా న్యాయం కాదు. ఆమె చెయ్యి పరీక్షకు నిలిచి, ముప్పు నిజమైనదై, ఆమె తానే కోరుకుంటే ఇవ్వాల్సిందే. శిక్షణ మాత్రం సర్టిఫికెట్ కోసం ఒక్క పూటతో ముగియరాదు. పోలీసు శాఖ తన ఫైరింగ్ రేంజిలో ఏడాదికి రెండుసార్లయినా ఇలాంటి లైసెన్సుదారులకు చోటిస్తే, పట్టలేని చేతులు ఏవో వాళ్ళకే తెలిసొస్తాయి.

సరిహద్దు జిల్లా కాబట్టి ఒక మాట తప్పదు. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయి బళ్ళారి ఇటు ఉండిపోయినా, బంధుత్వాలకు గీత పడలేదు. సిరుగుప్పలో ఉండే తల్లికి ఆదోనిలో కూతురు, గుంతకల్లులో చెల్లెలు ఉంటారు. తుపాకి లైసెన్సుకు మాత్రం ఆ గీత ఉంది. ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. ఉగాదికి కూతురింటికి పోయేటప్పుడు పసుపు కుంకుమతో పాటు సంచిలో దాన్నీ వేసుకుంటే, చెక్‌పోస్టు దాటగానే అది నేరం కావచ్చు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు అధికారులు అడిగితే అదెలాగూ స్టేషన్‌కు చేరాలి. ఊరికి పోయినా అంతే, డీలరు దగ్గరో, స్టేషన్లోనో పెట్టి రశీదు తీసుకుని బస్సెక్కాలి. ఆ రశీదు పోకుండా దాచే పని కూడా అమ్మదే.