సీమలో శిలువ కుంపిణీ వెంట రాలేదు

రాయలసీమలో చర్చి మాట ఎత్తితే చాలు, తెల్లదొర వెంట తుపాకీ, తుపాకీ వెంట శిలువ వచ్చాయనడం పరిపాటి. కడప జిల్లాలో యురేనియం గనితో పేరుకెక్కిన తుమ్మలపల్లె చుట్టుపక్కల నేలకు ఈ మాట వర్తించదు. అసలు వర్తించే చోటు వేరే ఉంది.

తెలుగువాళ్లు దండిగా ఉండే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మిషన్ శాన్‌హోసే ఉంది. 1769 నుంచి 1823 వరకు స్పెయిన్ పాదిరీలు ఆ తీరాన నెలకొల్పిన 21 మిషన్లలో ఇదొకటి, 1797లో మొదలైంది. పాదిరీకి అండగా సిపాయిలుండేవారు. పచ్చి ఇటుకలు పోసిందీ, గోడలు లేపిందీ ఒలోనీ ఆదివాసులు. 1809 నాటి చర్చి 1868 భూకంపంలో కూలింది. సందర్శకులు మెచ్చుకునే తెల్లటి గోడలు 1985లో పూర్తయిన నకలు. దగ్గర్లోని శ్మశానంలో వేలమంది ఒలోనీలున్నారు, చాలామంది సమాధుల మీద పేరు లేదు. పై మాట అక్కడ అక్షరాలా చెల్లుతుంది.

సీమ కథ అది కాదు. కడప ప్రాంతం ఈస్టిండియా కుంపిణీ చేతికి వచ్చింది 1800లో, నిజాం దత్తమండలాలు వదులుకున్నాక. అంతకు సుమారు నూరేళ్ల ముందే ఫ్రెంచి జెస్యూట్ల కర్ణాటక మిషన్ పుంగనూరులో, కృష్ణాపురంలో పనిచేసింది. వాళ్లు కావి కట్టారు, మాంసం మానేశారు, సన్యాసులమని చెప్పుకున్నారు. నవాబూ పాళెగాడూ పొమ్మంటే పోవాల్సిన బతుకు వాళ్లది. వారిలో ఒకరైన కేర్దూ తెలుగునాట సంస్కృతం నేర్చి, దానికీ లాటిన్, గ్రీకులకూ చుట్టరికముందని 1767లో పారిస్‌కు రాశాడు. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను ‘వేదాంత రసాయనము’గా పద్యాల్లో చెప్పాడు. పద్యం రాయించడానికి ఏ సిపాయీ అక్కర్లేదు.

లండన్ మిషన్ మాట వేరు. బళ్లారికి 1810లో, కడపకు 1822లో వచ్చిన ఆ దొరలకు కుంపిణీ నీడ ఉంది, కాదనలేం. 1876-78 కరువు తర్వాత చేరినవాళ్లను గంజికి మతం మార్చారని ఎత్తిపొడిచినవారూ ఉన్నారు. అయితే ఊరి బావి దగ్గరికి రానివ్వని మాలమాదిగలకు బడీ ఆసుపత్రీ ఏమిచ్చాయో ఆ ఎత్తిపొడుపులో కనబడదు.

తప్పు కళ్లది. గుడికి గోపురం, చర్చికి గంటస్తంభం కనిపిస్తేనే చరిత్ర అనుకునేవారికి జెస్యూట్ల నాటి సీమలో చూడ్డానికేమీ మిగల్లేదు. మిగిలింది మనుషులు. యుద్ధాలకూ కరువుకూ తాళలేక ఆనాటి క్రైస్తవ రెడ్డి కుటుంబాలు కొన్ని గుంటూరు సీమకు వలసపోయాయి. వాళ్ల సంతతి నేటికీ ఫిరంగిపురంలో ఉంది. ఆ ఊరికి ఫిరంగి ఉన్నది పేరులోనే.