అర్థం కాని పాట ఏది?

పోయిన సంచికలో నేను పొడుపుకథలు రాశాను. ఈసారి అభిప్రాయం రాస్తున్నాను. నచ్చకపోతే పక్కన ఖాళీ చార్టు అంటించాము, మీరు కూడా రాయండి. వెనకాల మాత్రం అనుకోవద్దు.

మనకు ఇక్కడ ఫోన్లు లేవు. బయట ఏ కొత్త పాట వచ్చినా మనదాకా వచ్చేది సెలవుల తర్వాతే. దసరాకు ఇంటికి పోయి వచ్చినవాళ్ళు అరిసెలతో పాటు పాటలు కూడా తెస్తారు. మా అన్న ఫోనులో చూశాను అని ఒకరు, మా బావ ట్రాక్టరులో పెట్టాడు అని ఇంకొకరు. కంచాలు కడిగే కుళాయి దగ్గర మొదలవుతుంది పోట్లాట. స్టడీ అవరు బెల్లు కొట్టినా తెగదు.

మా తొమ్మిదో తరగతిలో రెండు పార్టీలు. ఒకటి రాగం పార్టీ, ఒకటి ర్యాప్ పార్టీ. నా బెంచీ స్నేహితురాలు రాగం పార్టీ. "ర్యాప్ అంటే పాటేనా? సోషల్ పాఠం గబగబా అప్పజెప్పినట్టు ఉంటది" అంటుంది. కిటికీ పక్క కూర్చునే అమ్మాయి ర్యాప్ పార్టీ. ఆమెకు ట్రంకుపెట్టె మీద వేళ్ళతో దరువు వేయడం బాగా వచ్చు. ఒకరోజు ఇద్దరూ గట్టిగా అరుచుకుంటుంటే వార్డెన్ మేడం వచ్చారు. తిడతారనుకున్నాము. ఆమె నవ్వి, "మీకేదో కొత్తగా దొరికినట్టు కొట్టుకుంటున్నారు. 1994లో ప్రేమికుడు సినిమా వచ్చినప్పుడే రెహమాన్ పేట ర్యాప్ చేశాడు. మా కాలేజీలో అందరం నేర్చుకున్నాం" అన్నారు. రెండు లైన్లు పాడి కూడా చూపించారు. (మేడం గారూ, ఇది రాసినందుకు కోప్పడవద్దు.)

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన హాస్టల్లో ఇప్పటికీ పాతబడని పాట "బిగ్ డాగ్స్". 2024 జూలైలో వచ్చింది. పాడినతను హనుమాన్‌కైండ్, పుట్టింది కేరళ, పెరిగింది అమెరికాలో. తిరునాళ్ళలో చెక్కల బావి కట్టి అందులో గోడ మీద బండ్లు తిప్పుతారు కదా, ఆ బావిలో తీశారు. అది చూసే మనవాళ్ళకు నచ్చింది, నాక్కూడా నచ్చింది. పాట మొత్తం ఇంగ్లీషు. ఒక్క ముక్క తెలియదు. అయినా ఆరో తరగతి చెల్లెళ్ళు కూడా నోటికొచ్చినట్టు పాడుకుంటూ నీళ్ళ బకెట్లు మోస్తారు.

వార్షికోత్సవానికి ఏ పాట చేద్దామని మేము పన్నెండు మందిమి కూర్చున్నాము. నేను, రేలా పాట ఒకటి తీసుకుని, మధ్యలో కోయలోనే ర్యాప్ లాగా మాటలు పెడదామన్నాను. వెంటనే నా బెంచీ స్నేహితురాలు "కోయ పాట ఎవరికి అర్థమవుద్ది? లంబాడా పిల్లలున్నారు, కొండరెడ్డి పిల్లలున్నారు, పై నుంచి ఆఫీసర్లు వస్తారు" అంది. అందరూ అవునన్నారు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "బిగ్ డాగ్స్ ఎవరికి అర్థమైంది? అర్థమైనవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాను. ఎవరూ ఎత్తలేదు. తర్వాత అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఓట్లు మాత్రం నాకు నాలుగే వచ్చాయి.

ఆ రాత్రి లైట్లు తీసేశాక ఆమె దుప్పటిలోంచి మెల్లగా అంది: "అర్థం కాదని కాదే. నవ్వుతారు."

అది నిజం. నేను ఆమెను ఏమీ అనలేను. ఎందుకంటే ఆరో తరగతిలో చేరినప్పుడు నీకు కోయ వచ్చా అని అడిగితే నేను రాదని చెప్పాను. పేరెంట్స్ డే రోజు మా నాయనమ్మ వచ్చి గేటు దగ్గర నిలబడి కోయలో పిలిచింది. నేను తెలుగులో జవాబిచ్చాను. ఆమె కాసేపు నా మొహం చూసింది. తర్వాత తనకు వచ్చిన కొద్ది తెలుగులోనే అన్నం తిన్నావా అని అడిగింది. మూడేళ్ళయినా అది నాకు గుర్తొస్తూనే ఉంది.

కంప్యూటరు సారును ర్యాప్ గురించి అడిగితే ఒక పేజీ తీసి ఇచ్చారు. అమెరికాలో న్యూయార్కులోని బ్రాంక్స్ అనే పేటలో 1973 ఆగస్టు 11న సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి తమ బిల్డింగులో డాన్సు పార్టీ పెట్టింది. ఎందుకో తెలుసా? బడి తెరిచే రోజులు, కొత్త బట్టలకు డబ్బులు కావాలి. టికెట్టు ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. (ఇది నాకు బాగా నచ్చింది.) ఆమె అన్న కూల్ హెర్క్ రికార్డులు వేశాడు. హిప్ హాప్ పుట్టింది అక్కడే అని చెప్తారు, దానిలోదే ర్యాప్. నల్లవాళ్ళ పిల్లలు, డబ్బు లేని పిల్లలు, తమ పేటలో మాట్లాడుకునే మాటలతోనే మొదలుపెట్టారు. వాళ్ళు మాత్రం నవ్వుతారని భయపడి ఉంటే?

అంత దూరం ఎందుకు. 2021లో తమిళంలో "ఎంజాయ్ ఎంజామి" వచ్చింది. ధీ, అరివు పాడారు. అరివు వాళ్ళ అమ్మమ్మ వల్లియమ్మాళ్ శ్రీలంక టీ తోటల్లో కూలి చేసింది. ఆమె చెప్పిన సంగతులే ఆ ర్యాప్‌లో పెట్టాడు. వీడియోలో ఆమెను పెద్ద కుర్చీలో రాణిలాగా కూర్చోబెట్టారు. తమిళం రాకపోయినా మనం టీవీ ముందు ఎగిరాము. మరి మన మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య గారు డోలు కొట్టి సమ్మక్క సారలమ్మల కథను కోయలో పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2024లో చనిపోయారు. ఆయన పాట మనలో ఎంతమందిమి విన్నాము? నేను కూడా పేపర్లో ఫొటోనే చూశాను.

రాగం పార్టీ వాళ్ళతో నాకు గొడవ లేదు. గబగబా అంటే చాలు ర్యాప్ అయిపోదు, ఆ మాట వాళ్ళది కరెక్టే. బండ్లు, బంగారు గొలుసులు, నేనే గొప్ప అనే ర్యాప్‌లు నాకూ విసుగే. మనకు గొలుసులు లేవు, ఉన్నట్టు పాడటమెందుకు. మన దగ్గర ఉన్నది పాడదాం. చెలమ నీళ్ళు, ఇప్పపూలు ఏరే పొద్దు, వాగు పొంగితే బడికి రాని మూడు రోజులు.

నేను ఎనిమిది లైన్లు రాశాను. కోయ మాటలు తెలుగు అక్షరాల్లో రాస్తే కొన్ని సరిగా కూర్చోవడం లేదు. ఆరో లైనులో ఒక మాట నాకు రాలేదు. ఆదివారం నా ఫోను వంతు అయిదు నిమిషాలు. మూడు నిమిషాలు నాయనమ్మను ఆ మాటే అడిగాను, కోయలోనే అడిగాను. వెనకాల లైనులో నిలబడినవాళ్ళు విన్నారు. ఒకరిద్దరు నవ్వారు కూడా. నాయనమ్మ మాట చెప్పి, ఆగకుండా నాకు తెలియని పాట ఒకటి ఎత్తుకుంది. సగంలో టైము అయిపోయింది. మిగతా సగం వచ్చే ఆదివారం రాసుకోవాలి.

పాటల లిస్టు శనివారం మేడం గారికి ఇస్తున్నాము. నాతో చేరేవాళ్ళు స్టడీ అవరు లోపల పేర్లు ఇవ్వండి. కోయ రానివాళ్ళు కూడా రావచ్చు, నేర్పిస్తాను. లంబాడా అక్కలు వాళ్ళ మాటల్లో నాలుగు లైన్లు తెస్తే అవీ కలుపుదాం. ట్రంకుపెట్టె దరువు అమ్మాయి ఒప్పుకుంది. నా బెంచీ స్నేహితురాలు ఇంకా ఏమీ చెప్పలేదు. కానీ నిన్న కంచం కడుగుతూ నా మొదటి రెండు లైన్లు కూనిరాగం తీసింది. నేను విననట్టే ఉన్నాను.