మెరకా? పల్లమా?

పోయిన చలికాలం ఒక ఆదివారం పొద్దున్నే గూడబాతుల్ని చూద్దామని ఏలూరు నుంచి బయల్దేరాం. బండి మీద నేను, వెనక మా మేనకోడలు. దానికి తొమ్మిదేళ్లు. ఆటపాక వెళ్లాలంటే కైకలూరు రోడ్డు పట్టుకుంటే చాలు. కానీ చేతిలో ఫోన్ ఉంది కదా! అది "నాలుగు నిమిషాలు కలిసొస్తాయి" అంది, నేను నమ్మాను. మెయిన్ రోడ్డు వదిలి ఒక చేపల చెరువు గట్టెక్కాం. ఆ గట్టు మీంచి ఇంకో గట్టు, అక్కణ్నుంచి ఇంకోటి. చివరికి గట్టు తెగిపోయి ఉంది. ముందు నీళ్లు. వెనక్కి తిప్పుదామంటే బండి తిరిగేంత చోటు లేదు. ఫోన్‌లో నీలం చుక్క మాత్రం తిన్నగా పొమ్మంటోంది.

చిన్నది నా భుజం మీంచి స్క్రీన్‌లోకి తొంగి చూసింది. "మావయ్యా, మనం ఇప్పుడు నీళ్లలో ఉన్నామా?"

పక్క చెరువు దగ్గర మేత బస్తాలు దింపుతున్న పెద్దాయన మా అవస్థ చూసి వచ్చాడు.

"ఎక్కడికెళ్లాలండి?"

"ఆటపాకండి."

"ఇలా వచ్చారేంటండీ! వెనక్కెళ్లండి. మోటారు షెడ్డు వస్తది. దాని పక్కన మెరక మీద రావిచెట్టు ఉంటది. అక్కడ కుడికి తిరిగితే కాలవ. కాలవని ఎడంచేతి పక్కనే ఉంచుకుని పోండి, వంతెన దగ్గర రోడ్డెక్కేస్తారు. వంతెన దాటేశారంటే మాత్రం ఎక్కువెళ్లిపోయినట్టే."

బండిని చేతుల్తో తోసుకుంటూ వెనక్కి వచ్చాం. షెడ్డు కనపడింది, రావిచెట్టు కనపడింది. కాలవ పక్కనే వెళ్తే వంతెనా వచ్చింది. మళ్లీ ఫోన్ తియ్యలేదు.

తర్వాత తెలిసిందేంటంటే, ఆ పెద్దాయన చెప్పిన నాలుగు ముక్కలూ ఒక ఆటలో మొదటి పాఠాలు. దూరం నుంచే కనపడే గుర్తుని ఎంచుకోవడం, కాలవలాంటి పొడుగాటి వస్తువుని పట్టుకుని నడవడం, ఎక్కడ ఆగాలో ముందే అనుకోవడం. ఆ ఆట పేరు ఓరియెంటీరింగ్.

పరుగు కాదు, చదువు

ఆట చాలా సింపుల్. మీ చేతికి ఒక మ్యాపూ ఒక దిక్సూచీ ఇస్తారు. మ్యాప్ మీద వరస నంబర్లతో గుండ్రాలు ఉంటాయి. ఆ చోట్లలో సగం తెలుపు, సగం నారింజ రంగున్న చిన్న జెండాలు కట్టి ఉంచుతారు. వరస తప్పకుండా అన్నిటి దగ్గరికీ వెళ్లి గుర్తు వేయించుకుని రావాలి. ఎటునుంచి వెళ్తారో మీ ఇష్టం. ఎవరికి తక్కువ సమయం పడితే వాళ్లు గెలిచినట్టు. దారి కోసం ఫోన్ చూడకూడదు. అందర్నీ ఒకేసారి వదలరు కూడా. నిమిషానికో రెండు నిమిషాలకో ఒకర్ని పంపిస్తారు, ముందువాడి వెనకే పోదామంటే కుదరదు.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో స్వీడన్ సైన్యంలో పుట్టిన విద్య ఇది. మామూలు జనం పాల్గొన్న మొదటి పోటీ 1897 అక్టోబర్ 31న నార్వేలో, ఓస్లో దగ్గర జరిగింది. పరుగుపందేలకి కుర్రాళ్లు రావడం తగ్గిపోతోందని గమనించిన ఎర్నస్ట్ కిల్లాండర్ అనే స్వీడన్ సైనికాధికారి, పరుగుకి అడవినీ మ్యాప్‌నీ కలిపి 1919లో స్టాక్‌హోం దగ్గర పెద్ద పోటీ పెట్టాడు. 1961లో 10 దేశాలు కలిసి అంతర్జాతీయ సమాఖ్య పెట్టుకున్నాయి.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం పోటీలు కాదు, అక్కడి ఊరి క్లబ్బులు. స్వీడన్‌లో 1965లో మొదలైన ఓ-రింగెన్ అనే పెద్ద సంబరంలో పదేళ్ల పిల్లలకో విభాగం ఉంటుంది, తొంభై దాటినవాళ్లకీ ఒకటుంటుంది. మ్యాప్ చదవడం రాని బుడ్డోళ్లకి అడవిలో తాడు కట్టి ఉంచుతారు, తాడు పట్టుకుని జెండాలు వెతుక్కుంటూ పోవడమే. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకి పరుగుతో పనిలేని విభాగం వేరే ఉంది. కాళ్లలో సత్తువ తగ్గినా మ్యాప్ చదివే కన్ను తగ్గదు కాబట్టే, తాతా మనవడూ ఒకే ఆదివారం ఒకే చోట ఒకే ఆట ఆడగలుగుతున్నారు. మన దగ్గర తాతయ్యలకి వాకింగ్, పిల్లలకి కోచింగ్, మధ్యలోవాళ్లకి రీల్స్. ముగ్గురూ కలిసి ఆడేది ఏముంది చెప్పండి?

గూడెంలో మా ఆట

గట్టు మీద పరువు పోయిన పౌరుషంతో సంక్రాంతి సెలవుల్లో మేమే ఒకసారి ఆడి చూశాం. చోటు: తాడేపల్లిగూడెంలో మా అమ్మావాళ్ల కాలనీ. మ్యాప్: ఫోన్‌లో ఉన్నది చూసి నేను తెల్లకాగితం మీద గీసి జిరాక్స్ తీయించింది. జెండాలు: పాత నారింజరంగు చీర ముక్కలు, పది. ఒక్కో ముక్క మీద స్కెచ్ పెన్నుతో ఒక్కో అక్షరం. ఆ అక్షరం కాగితం మీద రాసుకొస్తే వెళ్లొచ్చినట్టు లెక్క.

రెండు జట్లు. ఒకటి ఇంజినీరింగ్ చదువుతున్న మా పిన్ని కొడుకులిద్దరు. రెండోది మా అమ్మ, మా మేనకోడలు. అమ్మకి అరవై ఆరు, మోకాళ్ల నొప్పులు. కుర్రాళ్లు షూ లేసులు బిగించుకుంటూ నవ్వుకున్నారు.

ఇరవై ఏడు నిమిషాల్లో కుర్రాళ్లు చెమటలు కక్కుకుంటూ వచ్చేశారు, ఎనిమిది జెండాలతో. ఏడోదీ తొమ్మిదోదీ దొరకలేదట. "మ్యాప్ తప్పు అన్నయ్యా" అన్నారు. అమ్మావాళ్లు గంటకి అయిదు నిమిషాల ముందు వచ్చారు, పదికి పదీ పట్టుకుని. ఏడో జెండా ఉన్న సందు దగ్గర చిన్నది ప్రతి సందునీ వేలు మడిచి లెక్కపెట్టిందట. కుర్రాళ్లు లెక్క మరిచిపోయి ముందు సందులో దూరారు, అంతే తేడా.

మ్యాప్‌లో తప్పు మాత్రం నిజంగానే ఉంది. దాన్ని అమ్మ పట్టుకుంది. మంచినీళ్లు తాగి, కాగితం నా ముందు పెట్టింది.

"ఒరే, ఇక్కడ మురుక్కాలవ ఏదిరా? పైన పలకలు వేసేశారని వదిలేశావా? వానొస్తే నీళ్లన్నీ ఈ మూల నుంచి ఆ మూలకే పోతాయి. ఈ వీధంతా పల్లం. గుడి దగ్గర మెరక. మనం ఇల్లు కొనేటప్పుడు మీ నాన్న రెండు వానాకాలాలు చూసి మరీ కొన్నారు."

నా మ్యాప్‌లో వీధులున్నాయి, మలుపులున్నాయి. ఎత్తుపల్లాలు లేవు. అవి అమ్మ బుర్రలో ఉన్నాయి.

కంటికి కనపడని గీత

ఎత్తుపల్లాల్ని కాగితం మీద చూపించడానికి వాడేవి కాంటూరు గీతలు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ గీసే గీత అది. గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిట్టనిలువు, దూరందూరంగా ఉంటే ఏటవాలు. ఓరియెంటీరింగ్ మ్యాప్‌లో అవి గోధుమరంగులో, మామూలుగా ప్రతి 5 మీటర్ల ఎత్తుకీ ఒకటి ఉంటాయి. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 టోపో షీట్లలో సాధారణంగా 20 మీటర్లకి ఒకటి.

ఈ లెక్కన కొల్లేరు మ్యాప్ గీస్తే ఎలా ఉంటుంది? సరస్సు లోపల ఒక్క గోధుమ గీతా ఉండదు. అంతా ఒకే మట్టం, బల్లపరుపు.

కానీ కొల్లేరు జనం బతుకంతా ఒక కాంటూరు గీత చుట్టూనే తిరుగుతోంది. 1999లో ప్రభుత్వం జీవో నంబర్ 120తో 308 చదరపు కిలోమీటర్లని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. హద్దు ఏమిటంటే +5 కాంటూరు, అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు. మీ ఇంట్లో ఫ్రిజ్ అంత. ఆ గీత లోపల చేపల చెరువులు ఉండకూడదు. 2002లో కొల్లేటికి రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత గీత లోపలి చెరువుల గట్లు పేల్చేశారు. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. ఇంట్లో అడగండి, ఆ ఏడాదిని మర్చిపోయినవాళ్లు ఉండరు. గీతని +3కి దించమని 2008లో అసెంబ్లీ తీర్మానం చేసింది. +3 అంటే సుమారు 135 చదరపు కిలోమీటర్లు. రెండే రెండు అడుగులు తగ్గిస్తే సగం పైన సరస్సు గీత బయటికి పోతుంది! బల్లపరుపు నేల మహత్యం అది.

గీత ఎక్కడ ఉండాలో తేల్చడం ఈ కాలమ్ పని కాదు. గీతకి లోపల పట్టాభూములున్నవాళ్ల బాధ నిజం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీళ్లన్నీ ముందు కొల్లేట్లోకే వస్తాయని, వాటికి సముద్రంలోకి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటేనని, చోటు లేకపోతే అవి ఊళ్ల మీదకే వస్తాయని అనడమూ నిజం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడని ముంచింది. ఆ నీళ్లే తర్వాత కొల్లేటికి చేరి లంక గ్రామాల్ని చుట్టుముట్టాయి. నీరు పల్లమెరుగు అని మనవాళ్లు ఊరికే అనలేదు.

నేను చెప్పేది ఒక్కటే. మన ఇల్లు గీతకి లోపలుందో బయటుందో ఎవరో వచ్చి చెబితే తలూపడం వేరు, మ్యాప్ విప్పి మనమే చూసి అడగడం వేరు. గ్రామసభలో సర్వే కాగితం ముందు పెట్టినప్పుడు ఊళ్లో పదిమందికైనా దాన్ని చదవడం రావాలి. ఆ విద్యని ఆటగా నేర్పేది నాకు తెలిసి ఇదే. ఇక మన క్లబ్బుల్లో పెద్దవాళ్లు ఉండాల్సింది గౌరవం కోసం కాదు. మ్యాప్‌లో లేని సగం వాళ్ల దగ్గరుంది. లంక, దిబ్బ, మెట్ట, మెరక, పల్లం... ఈ మాటలన్నీ ఏంటనుకున్నారు? మన కాంటూర్లే.

మీరు మొదలెట్టాలంటే

* నలుగురు చాలు. అందులో ఒకరు పన్నెండేళ్ల లోపు, ఒకరు అరవై దాటినవాళ్లు ఉండేలా చూసుకోండి.
* కాలేజీ గ్రౌండో, కాలనీయో, పార్కో ఎంచుకోండి. అనుమతి ముందే అడగండి. కొల్లేటి గట్ల మీద, పక్షులు గూళ్లు కట్టే చోట ఆడొద్దు. ఆటపాకలో గూడబాతుల్ని దూరం నుంచి చూసి రావాలి, అంతే.
* మ్యాప్ గీయడానికి ఓపెన్ ఓరియెంటీరింగ్ మ్యాపర్ అనే ఉచిత యాప్ ఉంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపుల నిబంధనలు సడలించింది కాబట్టి సొంత మ్యాప్ చేసుకోవడం ఇప్పుడు తేలిక. 1:4,000 స్కేలు పెట్టుకుంటే సెంటీమీటరుకి 40 మీటర్లు.
* 100 మీటర్లకి మీకు ఎన్ని అడుగులు పడతాయో తిన్నటి దారిలో నడిచి లెక్కపెట్టుకోండి. గూడెంవాళ్లకి రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే ఉండనే ఉంది.
* మ్యాప్‌ని ఎప్పుడూ ఉత్తరానికి తిప్పి పట్టుకోండి. బొటనవేలు మీరున్న చోటి మీదే ఉంచండి.
* గోధుమ గీతలు నిజంగా ఎలా ఉంటాయో చూడాలంటే కామవరపుకోట వైపు జీలకర్రగూడెం వెళ్లండి. గుంటుపల్లి బౌద్ధ గుహల కొండ ఎక్కితే కాళ్లకే అర్థమవుతుంది.
* ఫోన్ తీసుకెళ్లండి, జేబులో ఉంచండి. దెబ్బ తగిలితేనో దారి పూర్తిగా తప్పితేనో తీయండి. ఆడేది డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున్న పూట.

ఇవన్నీ తర్వాత చేద్దురుగాని, ఈ ఆదివారానికి ఒక చిన్న పని. ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో కూర్చోబెట్టి అడగండి: "వరదొస్తే మన ఊళ్లో నీళ్లు ముందు ఎక్కడికొస్తాయి? చివరిదాకా ఎక్కడికి రావు?" వాళ్లు చెబుతుంటే కాగితం మీద గీయండి. వంకరగా వచ్చినా పర్లేదు. మా అమ్మ చెప్పగా నేను గీసింది కూడా వంకరగానే ఉంది. దాన్ని ఫ్రిజ్‌కి అంటించాం. వచ్చే సంక్రాంతికి ఆట దానితోనే. కుర్రాళ్లిద్దరూ ఈసారి మా అమ్మ జట్టులో ఉంటామని ఇప్పట్నుంచే బేరాలాడుతున్నారు.